బియ్యం డబ్బాలో దొరికిన స్ట్రిప్పులు

ప్రశ్న: అన్నయ్యగారూ, నేను విజయనగరంలో స్కూల్ టీచర్‌ని. మా అమ్మకి 68 ఏళ్ళు, పొందూరులో ఒక్కర్తే ఉంటుంది, ఇప్పటికీ రాట్నం తిప్పుతుంది. కిందటి కార్తీకంలో పెరట్లో జారిపడి కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టర్‌గారే వైజాగ్ పంపి ఎముకల స్కాన్ తీయించారు, వెన్ను దగ్గర టీ స్కోర్, అంటే ఎముక గట్టిదనం చెప్పే అంకె, మైనస్ 3.1 వచ్చింది, ఎముకలు గుల్లబారాయన్నారు. జనవరి నుంచి వారానికి ఒకటి అలెండ్రోనేట్ అనే ఎముకల మాత్ర 70 మిల్లీగ్రాములు, కాల్షియం, విటమిన్ డి పొడి రాశారు. నాకు సెలవు కదా అని ఆదివారం పెట్టుకున్నాం. ప్రతి ఆదివారం ఫోన్ చేసి అడుగుతాను, 'ఆ, వేసుకున్నానమ్మీ' అంటుంది. మొన్న వెళ్ళి బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే స్ట్రిప్పులు తగిలాయి. మూడు స్ట్రిప్పుల్లో ఒక్క మాత్ర కూడా తీయలేదు, నాలుగో దాంట్లో ఒకటి మాత్రం వాడింది. నిలదీస్తే గుండెల్లో మంట అంది, 'నాకేటీ నొప్పి లేదు కదే, ఇంకెందుకీ మాత్రలు' అంది, వీటివల్ల దవడ ఎముక కుళ్ళిపోతుందని పక్కింటావిడ చెప్పిందట. ఆరు నెలలకో ఇంజక్షన్ ఉందట కదా, రెండు చేయించేస్తే గొడవ వదిలిపోతుంది అంటున్నాడు మా అన్నయ్య. అమ్మని నా దగ్గరికి తెచ్చేసుకుని, మాత్ర నూరి పొద్దున్న చోడి (రాగి) అంబలిలో కలిపి ఇచ్చేద్దామనుకుంటున్నాను, అలా చేయొచ్చా? ఆదివారం అరసవల్లి స్వామికి దణ్ణం పెట్టుకోనిదే పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి నాతో అబద్ధం ఆడిందంటే నమ్మలేకపోతున్నాను.

చెల్లెమ్మా, ముందు మీరు అడిగినదానికి చెప్తాను. కలపొద్దు. అంబలిలోనే కాదు, టీలో, మజ్జిగలో, దేంట్లోనూ వద్దు.

ఈ మాత్ర రకమే వేరు. పరగడుపున, ఉత్త మంచినీళ్ళతో, చెప్పింది చెప్పినట్టు వేసుకున్నా సరే వందలో ఒక పాలు కూడా ఒంటికి పట్టదు, ఆ పట్టిన కాస్తతోనే పనంతా చేస్తుంది. దానికి కాల్షియం అంటే వల్లమాలిన ప్రేమ, కనబడితే అతుక్కుపోతుంది, ఎముకకి వెళ్ళి పట్టుకునేది కూడా అందుకే. మనం తినే ధాన్యాల్లో కాల్షియానికి చోళ్ళని మించింది లేదు, వంద గ్రాములకి అటూఇటుగా 350 మిల్లీగ్రాములు ఉంటుంది. అంబలిలో కలిపారనుకోండి, మాత్ర ఆ అంబలిలోని కాల్షియాన్నే పట్టుకుని అటునుంచి అటే బయటికి పోతుంది, ఎముక దాకా చేరదు. పైగా నూరిన పొడి నోట్లోనో గొంతులోనో ఎక్కడ అంటుకుంటే అక్కడ పుండు చేసే రకం, అందుకే దీన్ని నమలకూడదు, చప్పరించకూడదు, నూరకూడదు అంటారు. అంటే మీ పథకంలో మందు గుణం సున్నా, మంట మాత్రం రెట్టింపు. ఇక మీ అమ్మగారికి ఏదో ఒక రోజు తెలుస్తుంది, తెలిసిన రోజు నుంచి మీ చేతి అంబలి కూడా తాగరు. అది మీకు నేను చెప్పాలా.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీరు ఉత్తరంలో రెండు చోట్ల రాసిన రెండు మాటల్ని పక్కపక్కన పెట్టి చదివాను. మాత్రకి ఆదివారం పెట్టుకున్నాం అని ఒకచోట, ఆదివారం దణ్ణం పెట్టుకోనిదే పచ్చి మంచినీళ్ళు ముట్టదు అని ఇంకోచోట. పొద్దున్న లేవగానే పరగడుపున గ్లాసుడు నీళ్ళతో వేసుకోవాల్సిన మాత్రని, నీళ్ళే ముట్టని రోజుకి పెట్టారు మీరు. మరి ఆవిడ ఏం చేసి ఉంటారు? స్నానం, దీపం, సూర్యుడికి దణ్ణం అన్నీ అయ్యాక, తొమ్మిదింటికో తొమ్మిదిన్నరకో, నీరసంగా కూర్చుని టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఆ టీతోనే మాత్ర మింగేసి, కాసేపు నడుం వాల్చి ఉంటారని నా అనుమానం. నేను చూడలేదు, మీరే అడిగి తెలుసుకోండి. కానీ అదే నిజమైతే గుండెల్లో మంట ఎక్కణ్ణించి వచ్చిందో ఇద్దరికీ అర్థమైపోతుంది.

శ్రీకాకుళంలో మందుల షాపు కౌంటర్ వెనక ఇరవై ఎనిమిదేళ్ళుగా నిలబడుతున్నవాణ్ణి. మాత్రలు కొన్నవాళ్ళకంటే మళ్ళీ కొనడానికి రానివాళ్ళే నాకు ఎక్కువ గుర్తు. షుగరు మాత్రలవాళ్ళు వస్తారు, మానేస్తే వారానికే తేడా తెలుస్తుంది. గ్యాస్ మాత్రలవాళ్ళు అయితే చెప్పక్కర్లేదు, షాపు తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉంటారు. ఎముకల మాత్రలవాళ్ళు మాత్రం ఉగాదికి కనబడి దసరాకి కనబడరు. ఇది మన జిల్లాలో సంగతే అనుకోకండి, చాలా దేశాల్లో లెక్కలు తీశారు, ఈ మందు మొదలుపెట్టినవాళ్ళలో ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మంది మానేస్తున్నారు. చదువుకున్నవాళ్ళూ మానేస్తున్నారు, డబ్బున్నవాళ్ళూ మానేస్తున్నారు. కాబట్టి మా అమ్మే ఇలా చేసింది అని తల కొట్టుకోకండి.

ఇంకో సంగతి, ఆవిడ మర్చిపోలేదు. నెలకో స్ట్రిప్పు చొప్పున ఎనిమిది కొని ఉంటారు, ముప్ఫై రెండు మాత్రలు. అందులో పదిహేడు వేసుకున్నారు, పదిహేను మిగిలాయి. మర్చిపోయే మనిషి అయితే ప్రతి స్ట్రిప్పులోనూ ఒకటో రెండో మిగిలి ఉండేవి. ఈవిడ పదిహేడు వారాలు వరసగా వేసుకుని, ఫలానా రోజున ఇక చాలు అనుకుని ఆపేశారు. ఆలోచించి తీసుకున్న నిర్ణయం అది. నిర్ణయం తీసుకున్న మనిషికి ఫోన్‌లో గుర్తుచేస్తే ఏం లాభం? 'వేసుకున్నావా' అని అడిగితే 'ఆ' అనడం తప్ప ఆవిడకి మీరు ఇంకో దారి వదల్లేదు, అందుకని అబద్ధం అన్న మాట తీసి పక్కన పెట్టండి. పారేయకుండా బియ్యం డబ్బాలో దాచారంటే కూతురి డబ్బులతో కొన్నవి పారేయడానికి మనసు ఒప్పలేదు అని నాకనిపిస్తోంది.

నొప్పి లేదు కదా అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఆవిడ వైపు నుంచి చూస్తే అది నూటికి నూరుపాళ్ళు సబబైన మాట. మాత్ర వేసుకుంటే నొప్పి తగ్గాలి, లేదా జ్వరం దిగాలి, ఏదో ఒకటి తెలియాలి. ఇది వేసుకున్నా ఏమీ తెలియదు, మానేసినా ఏమీ తెలియదు, మధ్యలో మంట ఒక్కటే తెలుస్తుంది. అలాంటి మందు ఎవరు మాత్రం వేసుకుంటారు? ఎముక గుల్లబారడం అనేది విరిగే దాకా నోరు మెదపదు. వెన్నుపూసలైతే ఇంకా మొండివి, అణిగిపోయినవాళ్ళలో మూడింట రెండొంతుల మందికి ఆ సంగతే తెలియదు, నడుం పట్టేసింది అనుకుని బామ్ రాసుకుని ఊరుకుంటారు. నేను మా షాపుకి వచ్చే పెద్దవాళ్ళని నొప్పి ఉందా అని అడగను. 'పిన్నీ, చీర పొడుగైపోతోందా' అని అడుగుతాను. పదేళ్ళ కింద కట్టుకున్న చీరే, అదే తీరులో కట్టుకుంటుంటే కుచ్చిళ్ళు నేలకి రాస్తున్నాయంటే చీర పెరగలేదు, మనిషి తగ్గింది. వయసులో ఉన్నప్పటి ఎత్తులో నాలుగు సెంటీమీటర్లు పోయిందంటే వెన్ను ఎక్స్‌రే తీయించమని డాక్టర్లు చెప్తారు. మీ అమ్మగారిని ఒకసారి గుమ్మానికి ఆనించి నిలబెట్టి పెన్సిల్‌తో గీత పెట్టండి, పక్కన తేదీ వేయండి. పిల్లలకి వేస్తాం చూడండి, అలాగే. ఆవిడకి కంటికి కనబడే లెక్క అదొక్కటే.

ఎముక సంగతి ఆవిడకి ఎలా చెప్పాలో కూడా చెప్తాను. పొందూరులో రాట్నం తిప్పే మనిషి అంటే వాలుగ చేప దవడ చేతిలో పట్టుకుని పత్తి శుభ్రం చేయడం చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి. ఆవిడ దృష్టిలో ఎముక అంటే అది, ఎండిపోయి గట్టిగా, ఏళ్ళ తరబడి అరగకుండా ఉండే వస్తువు. అలాంటి మనిషికి దవడ కుళ్ళిపోతుంది అని ఒకరు చెప్తే ఎలా ఉంటుందో ఆలోచించండి, రోజూ చేతిలో ఉండేదే కళ్ళముందు మెదులుతుంది. ఆ చేప దవడ చచ్చిన ఎముక అమ్మా, నీ ఒంట్లోది బతికున్న ఎముక, అక్కడ ఒక జట్టు పాతదాన్ని తవ్వి తీసేస్తూ ఉంటుంది, ఇంకో జట్టు కొత్తది పోస్తూ ఉంటుంది, నెలసరి ఆగిపోయాక తవ్వేవాళ్ళ జోరు ఎక్కువైపోయి పోసేవాళ్ళు అందుకోలేకపోతున్నారు, ఈ మాత్ర వెళ్ళి తవ్వేవాళ్ళ చేతులు కట్టేస్తుంది, అంతే దాని పని, అని చెప్పండి. నొప్పి తగ్గించడం దాని పనే కాదని ముందే చెప్పి ఉంటే ఆవిడ దాని కోసం ఎదురుచూసేవారే కాదు. ఈ మాట మొదటి రోజే చెప్పాల్సింది మేము, అంటే డాక్టర్లూ మందుల షాపులవాళ్ళూ. ఓపీలో అరవై మంది వెనక నిలబడి ఉంటే ఎవరు చెప్తారు లెండి.

పని చేస్తుందా మరి అంటే, చేస్తుంది. 1996లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరీక్ష ఒకటి ఉంది, అప్పటికే వెన్నుపూస విరిగిన 2,027 మంది ఆడవాళ్ళని సుమారు మూడేళ్ళు చూశారు, అప్పట్లో ఇదే మందు రోజూ వేసుకునేవారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో నూటికి 15 మందికి కొత్తగా వెన్నుపూస అణిగితే, అసలు మందు వాడినవాళ్ళలో 8 మందికి అణిగింది. తుంటి విరగడం కూడా సగానికి పడింది. సగం తగ్గుతుంది అంటే ఇక పడినా విరగదు అని కాదు, అది కూడా దాచకుండా చెప్పండి, లేకపోతే రేపు ఏదైనా జరిగితే మళ్ళీ మాత్రల మీదే నమ్మకం పోతుంది.

ఇప్పుడు వేసుకునే పద్ధతి. మా షాపుకి ఆమదాలవలస నుంచి ఒకావిడ వచ్చేవారు. మాత్రలన్నీ ఒకే కవర్లో వేసి, కవరు మీద నేనే పెన్నుతో వారానికి ఒకటి అని రాసిచ్చాను. ఎప్పుడు, ఎలా అనేది నోటితో చెప్పాను, వెనక క్యూ ఉంది, ఆవిడ తల ఊపారు. ఆవిడ ఏం చేశారంటే బీపీ మాత్రతో పాటు రాత్రి అన్నం తిన్నాక పాలతో వేసుకుని పడుకున్నారు. రెండు నెలలు అలాగే. మూడో నెల వచ్చి స్ట్రిప్పు నా ముందు పెట్టి, 'బాబూ, రాత్రంతా గొంతులో నిప్పు పోసినట్టుంది, ఇది నాకొద్దు' అన్నారు. తప్పు నాది. ఆ రోజు నుంచి ఈ మాత్రని వేరే కవర్లో వేసి, స్ట్రిప్పు వెనక స్కెచ్ పెన్‌తో సూర్యుడి బొమ్మ వేసి ఇస్తున్నాను, పొద్దున్న అని గుర్తు. చదువు రానివాళ్ళ కోసం అనుకున్నాను గానీ చదువుకున్నవాళ్ళకే ఎక్కువ పనికొస్తోంది.

పద్ధతి ఇది. పొద్దున్న లేచి ముఖం కడుక్కోగానే, కడుపులో ఇంకేమీ పడకముందు, పెద్ద గ్లాసు నిండా మామూలు మంచినీళ్ళతో మింగాలి. రెండు గుక్కలు సరిపోవు, గ్లాసు ఖాళీ చేయాలి, మాత్ర గొంతులో ఆగకుండా కిందికి పోవడానికే ఆ నీళ్ళు. టీ, కాఫీ, పాలు, కొబ్బరినీళ్ళు, వేరే ఏ మాత్రా దాంతో కూడదు. మింగాక అరగంట పడుకోకూడదు, కూర్చోవచ్చు, నిలబడొచ్చు, నడవొచ్చు, వాకిలి ఊడ్చుకోవచ్చు, కానీ ఆ అరగంటా ఏమీ తినకూడదు, తిన్నాకే నడుం వాల్చాలి. కాల్షియం మాత్ర మధ్యాహ్నం అన్నంతో వేసుకుంటే రెండూ తగువు పడవు. ఒక వారం మర్చిపోతే గుర్తొచ్చిన మర్నాడు పొద్దున్న ఒకటి వేసుకుని, మళ్ళీ మామూలు రోజుకి వచ్చేయడమే, ఒకే రోజు రెండు వేసుకోవడం మాత్రం ఎప్పుడూ వద్దు. రోజు ఏది అనేది ఆవిడనే తేల్చమనండి. గురువారం అంటారో, పొందూరు సంత రోజు అంటారో, మీ సెలవుతో దానికి పనిలేదు.

అయితే రేపటి నుంచే మళ్ళీ మొదలుపెట్టేయకండి. మంట అన్నారు కాబట్టి ముందు డాక్టర్‌గారికి చూపించాలి. మింగుతుంటే నొప్పి ఉందా, ముద్ద అడ్డం పడుతోందా, ఛాతీ మధ్యలో పోటు ఉందా అని ఆయన అడుగుతారు. గొంతు నుంచి కడుపుకి వెళ్ళే గొట్టంలో ఇబ్బంది ఉన్నవాళ్ళకీ, అరగంట నిటారుగా కూర్చోలేనివాళ్ళకీ ఈ మాత్ర ఇవ్వకూడదు. పద్ధతి తప్పడం వల్ల వచ్చిన మంట అయితే సరిచేసుకుని వేసుకోవచ్చు, కాకపోతే వేరే మందులున్నాయి. టీతో మింగినవి ఎన్ని ఉన్నా అవి లెక్కలోకి రావు గానీ, సరిగ్గా వేసుకున్నవి బూడిదలో పోసిన పన్నీరు ఏమీ కాలేదు, ఈ మందు ఎముకలో చేరి చాలా కాలం ఉండిపోతుంది.

దవడ సంగతి. పక్కింటావిడ అబద్ధం చెప్పలేదు, అలాంటిది ఉంది. కానీ ఎముకలు గుల్లబారినందుకు వాడే మోతాదులో అది ఏడాదికి పదివేల మందిలో ఒకరి నుంచి లక్షమందిలో ఒకరి దాకా ఉంటుంది. ఎక్కువగా కనబడేది క్యాన్సర్ ఎముకలకి పాకినవాళ్ళలో, వాళ్ళకి ఇదే జాతి మందుని ఎక్కువ మోతాదులో నెలనెలా ఎక్కిస్తారు. పక్కింటావిడ ఎవరిని చూసి అన్నారో కనుక్కోండి, చాలాసార్లు ఆ కథ అక్కడే దొరుకుతుంది. చేయాల్సిందల్లా, పీకించుకోవాల్సిన పుచ్చుపళ్ళు ఉంటే ముందే చూపించుకోవడం, తర్వాత ఎప్పుడు పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ఫలానా మందు వాడుతున్నాను అని చెప్పడం. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో బహు అరుదుగా తొడ ఎముక అడ్డంగా విరగడం కూడా ఉంది, దానికి ముందు గజ్జల్లోనో తొడలోనో సన్నటి నొప్పి వారాల తరబడి ఉంటుంది, అలా ఉంటే చెప్పమనండి. అందుకే ఈ మాత్రల్ని సుమారు ఐదేళ్ళు వాడాక ఒకసారి ఆగి, ఇంకా కావాలా, కొన్నాళ్ళు విరామం ఇవ్వొచ్చా అని డాక్టర్లు చూస్తారు. జీవితాంతం మింగాలేమో అన్న టెన్షన్ ఆవిడకి ఉంటే ఇది చెప్పండి, చాలామందికి గడువు లేకపోవడమే భయం.

ఇక మీ అన్నయ్య మాట. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి, ఇక్కడ నాకు సొంత దెబ్బ ఉంది.

ఇంజక్షన్లు రెండు రకాలు, జనం రెండిటినీ కలిపేస్తున్నారు. ఒకటి జోలెడ్రోనిక్ యాసిడ్, 5 మిల్లీగ్రాములు, ఏడాదికి ఒక్కసారి సెలైన్‌లా పదిహేను నిమిషాలకి తగ్గకుండా ఎక్కిస్తారు. మీ అమ్మగారి మాత్ర జాతిదే, కడుపుతో సంబంధం లేదు కాబట్టి మంట ఉండదు. మొదటిసారి ఎక్కించాక రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు చాలామందికి వస్తాయి, పారాసెటమాల్‌తో సర్దుకుంటుంది, ముందే చెప్తే కంగారు పడరు. మాత్రలతో పేచీ పడేవాళ్ళకి ఇది మంచి దారి అని నా అభిప్రాయం, మీ డాక్టర్‌గారిని ముందుగా దీని గురించే అడగండి.

రెండోది డెనోసుమాబ్, 60 మిల్లీగ్రాములు, ఆరు నెలలకోసారి చర్మం కింద చేస్తారు. ఇదీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ ఎముకలో నిలవ ఉండదు. ఆరు నెలలు దాటగానే దాని పట్టు వదిలిపోతుంది, వదలడమంటే మామూలుగా కాదు, కట్టేసిన చేతులు ఒక్కసారి విప్పితే ఎలా విరుచుకుపడతాయో అలా, పెరిగిన ఎముక చాలావరకు ఏడాది తిరిగేసరికి కరిగిపోయి కొంతమందికి వెన్నుపూసలు ఒకేసారి రెండు మూడు అణిగిపోతాయి. అందుకని 'రెండు చేయించేసి వదిలేద్దాం' అనేది ఈ మందుతో అస్సలు చేయకూడని పని. రెండు చేయించి మానేయడం కంటే అసలు మొదలుపెట్టకపోవడం నయం.

మా పెద్దత్త టెక్కలి దగ్గర ఉంటుంది. ఆవిడకి ఈ ఇంజక్షన్ రెండుసార్లు నేనే ఇచ్చి పంపాను, ఐస్ ప్యాక్ పెట్టి, ఎందుకంటే అది ఫ్రిజ్‌లో ఉండాల్సిన మందు. మూడోది ఆగస్టులో పడాలి. తేదీ నా ఫోన్‌లో ఉంది, గంట మోగింది కూడా, బావ చూసుకుంటాడు కదా అనుకున్నాను. బావేమో అప్పుడే కొత్తింటి గృహప్రవేశం హడావుడిలో ఉన్నాడు, వచ్చేవారం అన్నాడు, తర్వాత వినాయకచవితి, తర్వాత దసరా, అత్తేమో బాగానే తిరుగుతోంది, 'నాకేటీ లేదురా' అంటోంది. అచ్చం మీ అమ్మగారి మాటే. కార్తీకంలో ఒక పొద్దున్న తడిచీరల బకెట్టు ఎత్తబోయి అక్కడే కూలబడిపోయింది. ఎక్స్‌రేలో రెండు పూసలు అణిగి ఉన్నాయి, సంక్రాంతి లోపల మూడోది. ఇప్పుడు ఆవిడ నాతో మాట్లాడాలంటే తల పైకెత్తి, కళ్ళు పైకి తిప్పి చూడాలి. నేను వెళ్ళినప్పుడల్లా ముందు నేల మీద కూర్చుంటాను.

అలాగని ఆ మందు చెడ్డదని రాయడం లేదు. గడువుకి ఒక నెల అటూఇటూ దాటకుండా చేయించగలిగే ఇల్లయితే, మానాల్సి వచ్చినప్పుడు డాక్టర్‌కి చెప్పి దాని స్థానంలో వేరే మందు పెట్టించుకునే ఇల్లయితే అది మంచి మందే. మీ అన్నయ్యని ఒకటే అడగండి, వచ్చే ఐదేళ్ళలో పది తేదీలు, ఒక్కటి తప్పకుండా, నువ్వు పొందూరు వస్తావా? ఆయన జవాబుని బట్టి మీకే తెలుస్తుంది.

ఏ ఇంజక్షన్ అయినా ముందు కిడ్నీ పరీక్ష చేయించండి. మీది పొందూరు, కానీ ఇది చదివేవాళ్ళలో కవిటి, సోంపేట, పలాస, ఇచ్ఛాపురం వైపువాళ్ళు ఉంటారు కాబట్టి గట్టిగా రాస్తున్నాను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎలా ఉందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. కిడ్నీ వడపోత నిమిషానికి 35 మిల్లీలీటర్ల కంటే తగ్గినవాళ్ళకి అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్ రెండూ వద్దంటారు. అలాంటప్పుడు డెనోసుమాబ్ వైపు చూస్తారు గానీ, జబ్బు బాగా ముదిరినవాళ్ళకి, ముఖ్యంగా డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి, దాంతో రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు, 2024 జనవరిలో అమెరికా మందుల సంస్థ దీని మీద పెద్ద హెచ్చరికే పెట్టింది. అక్కడ ఎముకల డాక్టరూ కిడ్నీ డాక్టరూ మాట్లాడుకోకుండా ఏదీ మొదలుపెట్టకూడదు. పొరుగింటావిడ చీటీ చూపించి నాకూ ఇదే ఇవ్వండి అని మా షాపులకి వచ్చేవాళ్ళున్నారు, ఇవ్వకపోతే కోపగించుకుంటారు కూడా.

విటమిన్ డి పొడి గురించి ఒక్క మాట. ఆ 60,000 యూనిట్ల సాచెట్ మామూలుగా వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు, తర్వాత డాక్టర్ చెప్పినట్టు. రోజుకొకటి తాగేసినవాళ్ళని చూశాను, అది విషం అవుతుంది. మాత్ర వారానికి, పొడి వారానికి, కాల్షియం రోజూ, ఇదంతా ఒకే కవర్లో ఉంటే ఎవరికైనా గజిబిజే, మూడూ మూడు డబ్బాల్లో పెట్టండి. చోడి అంబలి మానక్కర్లేదు, మాత్ర వేసుకున్న రోజు అరగంట దాటాక, ఇంకాసేపు ఆగగలిగితే ఇంకా మంచిది, హాయిగా తాగొచ్చు. నెత్తళ్ళు తినే ఇల్లయితే ముళ్ళతో సహా నమిలి తినమనండి.

ఆవిడకి గుణం కనబడాలంటే ఒక దారి ఉంది. సీటీఎక్స్ అని రక్తపరీక్ష ఒకటి, ఎముక ఎంత జోరుగా తవ్వబడుతోందో చూపిస్తుంది. మందు మొదలుపెట్టేముందు ఒకసారి, మూడు నెలలకి ఒకసారి చేయిస్తే అంకె తగ్గడం చూపించొచ్చు, శ్రీకాకుళంలో చేయని ల్యాబులు వైజాగ్ పంపుతాయి. అందరికీ అవసరం లేదు, మీ అమ్మగారిలాంటి 'చూపిస్తే నమ్ముతా' అనే మనిషికి ఆ ఖర్చు దండగ కాదు అనుకుంటున్నాను. స్కాన్ అయితే ఏడాదో రెండేళ్ళో ఆగాలి, అప్పుడు కూడా స్కోరు పెద్దగా పెరగకపోయినా నిరాశ పడకండి, జారిపోకుండా నిలబడటం కూడా మందు పనే.

ఆ పెరట్లో ఆవిడ జారిపడిన చోటు ఇంకా అలాగే ఉందా? పాచి పట్టిన గచ్చు అయితే ముందు అది గీకించండి, బాత్రూమ్ వైపు ఒక పట్టుకమ్మీ, రాత్రి లేచినప్పుడు వెలిగే చిన్న బల్బు. ఇవన్నీ కలిపినా పెద్ద ఖర్చు కాదు.

ఈసారి పొందూరు వెళ్ళినప్పుడు స్ట్రిప్పుల మాట మీరు ఎత్తకండి. పక్కన కూర్చుని, ఏకులు అందిస్తూ, 'అమ్మా, ఆ మాత్ర వేసుకున్న రోజు పొద్దున్న లేచినప్పటి నుంచి ఏమేం చేసేదానివి' అని మాత్రం అడగండి, మధ్యలో మాట్లాడకండి, మీరు టీచరు కాబట్టి అది కష్టమే. డాక్టర్ దగ్గరికి వెళ్ళే రోజున ఆ నాలుగు స్ట్రిప్పులూ సంచిలో పెట్టుకెళ్ళండి, మీరు కాదు, ఆవిడ. ఎన్ని మిగిలాయో, ఎందుకు మిగిలాయో ఆయనకి ఆవిడే చెప్పనివ్వండి, మీరు బయట బెంచీ మీద కూర్చున్నా ఫర్వాలేదు.